చేపల తొట్టికి బెల్లం సీసా

మా ఇంటి చేపల తొట్టి గురించి చెప్పాలంటే ముందు మా అమ్మ ముక్కు గురించి చెప్పాలి. కాజీపేట రైల్వే క్వార్టర్లో మేం ముగ్గురం. బాపు బొగ్గింజన్లు బాగుచేసే లోకో షెడ్డులో ఫిట్టర్. అమ్మ ఇల్లు చూసుకునేది. నేను రోజూ బస్సెక్కి హన్మకొండ వెళ్ళి బి.ఎస్సీ. చదువుకునేదాన్ని. ఎనభైల మొదట్లో సంగతి ఇది. బాపు డ్యూటీ దిగి వచ్చే వేళకు అమ్మ గడప దగ్గర నిలబడేది. ఆయన చేతిలోని టిఫిన్ క్యారియర్ అందుకుంటూ ఏదో ఒకటి అడిగేది. కూరలో ఉప్పు సరిపోయిందా అనో, షెడ్డులో ఉక్కపోత ఎట్లా ఉందనో. జవాబుతో ఆమెకు పనిలేదు. జవాబు చెప్పడానికి ఆయన నోరు తెరవాలి, అంతే కావాలి. ఆయన నోరు తెరిచేవాడు, ఆమె గాలి పీల్చేది. తర్వాత క్యారియర్ తీసుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఈ తనిఖీ సంగతి ముగ్గురికీ తెలుసు. ముగ్గురం తెలియనట్టే ఉండేవాళ్ళం.

డెబ్భైలంతా బాపు తాగుతూనే గడిపాడు. గుడుంబా. షెడ్డు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఆయనకు రెండు మూడు మజిలీలు ఉండేవి. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. తాగి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు నవ్వుతూ ఉండేవాడు. ఆ నవ్వు నాకు తిట్లకంటే రోతగా ఉండేది. చివరికి కళ్ళు పచ్చబడి, పొట్ట ఉబ్బి, రైల్వే దవాఖానలో మంచం పట్టాడు. కాలేయం చాలావరకు పోయిందని, ఇంకోసారి ముట్టుకుంటే మళ్ళీ ఇక్కడికి మోసుకురావడం కూడా దండగేనని డాక్టరు చెప్పాడు. అక్కడున్నన్ని రోజులూ అమ్మ ఇనుప స్టూలు మీద కూర్చుని, తలకిందులుగా వేలాడే సెలైన్ సీసా వంకే చూస్తూ ఉండేది. సీసా అయిపోవస్తే నర్సును పిలవడం ఆమె పని. చుక్క పడటం ఆగితే ఆయన ప్రాణమే ఆగిపోతుందన్నంత శ్రద్ధగా చూసేది.

ఇంటికి తీసుకొచ్చిన రోజు అమ్మ ఒక మాట అంది. కోపంగా కాదు, బియ్యం ఏరుతూ అంది.

"మల్ల తాగినవని నాకు ఎర్కైన నాడు, బిడ్డను తీస్కొని మరిపెడకు పోత. మల్ల రాను."

మరిపెడలో మా మేనమామ వ్యవసాయం చేసేవాడు. అమ్మ దవాఖాన నుంచి తెచ్చిన బట్టలన్నీ ఉతికి, ఆరేసి, మడతపెట్టి, ఒక ఇనుప పెట్టెలో సర్ది, మంచం కిందికి తోసింది. ఆ పెట్టె విప్పలేదు. కట్టుకునే చీరలు వేరు, పెట్టెలోవి వేరు. మా అమ్మ అరిచే మనిషి కాదు కాబట్టి ఆమె అన్నది జరుగుతుందని బాపుకు బాగా తెలుసు. నాకూ తెలుసు. చదువు మధ్యలో ఆపి మరిపెడలో మిరపకాయలు ఏరాల్సి వస్తుందేమోనని నా భయం నాకుండేది.

తాగుడు మానేసిన మనిషికి అన్నిటికంటే కష్టమైనవి సాయంత్రాలని అప్పుడు చూశాను. పొద్దంతా షెడ్డులో ఇంజన్లతో సరిపోయేది. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక బాపుకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. కుర్చీ సరిచేసేవాడు. బాగానే ఉన్న నల్లా విప్పి మళ్ళీ బిగించేవాడు. నా సైకిలు చెయిను తీసి కిరోసిన్లో కడిగేవాడు. ఇంట్లో ఇంకా విప్పడానికి ఏమీ మిగల్లేదనుకునే సమయానికి చేపల తొట్టి వచ్చింది.

బదిలీ మీద వెళ్తున్న ఒక ఆఫీసరు బంగళాలో సామాను కట్టడానికి షెడ్డు నుంచి నలుగురిని పంపారు. వాళ్ళలో బాపు ఒకడు. ఆ గాజు తొట్టి రైల్లో ఎక్కించలేమని తేలాక ఆ ఆఫీసరు, కావాలంటే తీసుకుపొమ్మన్నాడట. మిగతా ముగ్గురూ దాన్ని చూసి నవ్వి ఊరుకుంటే బాపు రిక్షాలో పెట్టుకుని వచ్చేశాడు. ఇనుప చట్రంలో గాజు పలకలు అమర్చి, సందుల్లో పుట్టీ పెట్టిన పాత రకం తొట్టి. ఒక బకెట్లో చిన్న చేపలు, నల్లటి మోలీలు, రంగురంగుల తోకల గప్పీలు. అమ్మ గడపలో క్యారియర్ కోసం నిలబడితే ఆయన ఆమె చేతిలో బకెట్ పెట్టాడు. ఆమె మామూలుగా అడిగే ప్రశ్న కూడా మరిచిపోయి, ఇవి తింటామా అని అడిగింది.

పుట్టీ కారుతుంటే బాపు గీకి తీసి కొత్తది పెట్టాడు. చట్రానికి ఎర్ర రంగు వేశాడు. పైన ట్యూబ్‌లైటు బిగించాడు. సెలవు రోజున వడ్డేపల్లి చెరువుకు వెళ్ళి నాచుమొక్కలు తెచ్చి ఇసుకలో నాటాడు. సాయంత్రాలు ఆ తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేవాడు. చేపల కంటే ఆయనకు ఆ మొక్కల మీదే ఎక్కువ మనసు. నీళ్ళలో అవి ఊగుతుంటే కళ్ళు తిప్పుకోలేకపోయేవాడు. కానీ చెరువులో పచ్చగా కళకళలాడిన మొక్క మా ఇంట్లోకి వచ్చి వారం తిరక్కుండా పసుపురంగుకు తిరిగి, కాడ దగ్గర కుళ్ళి, పైకి తేలేది. మళ్ళీ తెచ్చేవాడు. మళ్ళీ పోయేది. ఆయన దీన్ని చాలా సొంతంగా తీసుకున్నాడు. ఒకసారి పోయిన మొక్కను చేతిలో పట్టుకుని, తన చేతిలోనే ఏదో ఉందని, ఏది పట్టుకున్నా బతకదని అన్నాడు. అప్పుడు నాకు మొదటిసారి ఆయన మీద జాలి వేసింది. అంతకుముందు భయమూ కోపమూ తప్ప ఇంకేమీ లేవు.

నేనప్పుడు బాటనీ ప్రాక్టికల్స్ చేస్తున్న పిల్లను. రెండు ప్రయోగాలు నేర్చుకుని లోకమంతా తెలిసినట్టు తిరిగే వయసు. ఒక ప్రయోగంలో బీకరు నీళ్ళలో హైడ్రిల్లా మొక్కను గరాటు కింద పెట్టి ఎండలో ఉంచుతాం. కొమ్మ కొసల నుంచి బుడగలు వస్తాయి. నీళ్ళలో కాస్త తినే సోడా వేస్తే బుడగలు జోరందుకుంటాయి. ఎందుకంటే మొక్కకు ఆహారం దొరికింది కాబట్టి. ఆ ఆహారం కార్బన్ డయాక్సైడ్. మా చిన్నప్పటి తెలుగు వాచకాల్లో దాన్ని బొగ్గుపులుసు వాయువు అనేవారు. ఇంకో ప్రయోగంలో వంకర గాజుగొట్టంలో చక్కెర నీళ్ళు, ఈస్టు కలిపి పెడితే, ఈస్టు చక్కెరను తిని అదే వాయువును వదులుతుంది. రికార్డు పుస్తకంలో ఈ రెండు ప్రయోగాలూ వేర్వేరు పేజీల్లో ఉంటాయి. ఈ పేజీలో వదిలిన గాలిని ఆ పేజీలోని మొక్కకు పట్టిస్తే సరిపోతుంది కదా అని నాకు బస్సులో తట్టింది. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. బాపు ఓపిగ్గా విని, బొగ్గు తన వెంట ఇంట్లోకి కూడా వచ్చిందన్నమాట అన్నాడు.

కావలసిన సామాను ఒక్కటొక్కటే సమకూర్చుకున్నాం. గాలి బయటకు పోకుండా బిగుతుగా మూత పట్టే గాజుసీసా కావాలి, దానికి సన్నటి గొట్టం కావాలి. బాపు దవాఖానకు మందుల కోసం వెళ్ళినప్పుడు అక్కడి వార్డు మనిషిని అడిగి ఒక ఖాళీ సెలైన్ సీసా, దాని రబ్బరు మూత, వాడి పారేసిన గొట్టం తెచ్చి వేడినీళ్ళలో కడిగాడు. ఆ గొట్టానికి చుక్కలు ఎక్కువ తక్కువ చేసే చిన్న చక్రం ఉంటుంది. మాకు అది బుడగలు ఎక్కువ తక్కువ చేయడానికి పనికొచ్చింది. సీసాను తొట్టి పక్కన నేల మీద నిలబెట్టి, గొట్టం కొసను తొట్టి అడుక్కి తీసుకెళ్ళి, పైన ఒక చాయ్ గ్లాసు బోర్లించాం. బుడగ పైకి పారిపోకుండా గ్లాసులో చిక్కుకుని, నిదానంగా నీళ్ళలో కలవాలి. అది నా ఆలోచనే. ఇప్పటికీ దాని గురించి కాస్త గర్వం ఉంది.

స్టేషన్ దగ్గరి బేకరీలో ఈస్టు దొరికింది. చక్కెర దగ్గరే పేచీ వచ్చింది. చక్కెర రేషన్ మీద వచ్చేది, అది చేపల తొట్టికి పోస్తానంటే అమ్మ ఊరుకోదు. నేను ఏం చేయాలా అని చూస్తుంటే బాపు తొట్టి మీంచి కళ్ళు తీయకుండానే చెప్పాడు.

"చక్కెరెందుకు బిడ్డా, నల్లబెల్లం వెయ్యి. అది ఎట్ల పొంగుతదో నాకెర్క."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. నేను బాపు వైపు చూశాను. ఆయనకు తాను ఏమన్నాడో అప్పుడు అర్థమైంది. గుడుంబా కాసేది ఆ బెల్లంతోనే. మా దగ్గర నల్లబెల్లం అడిగితే షావుకారు కూడా ఒకసారి ఎగాదిగా చూసి తూకం వేస్తాడు. అయినా మర్నాడు అమ్మే వెళ్ళి తెచ్చి నా ముందు పెట్టింది. బాపును ఆ షాపు మెట్లు ఎక్కనివ్వడం ఆమెకు ఇష్టం లేదు.

సీసాలో బెల్లంనీళ్ళు పోసి ఈస్టు కలిపి మూత బిగించిన సాయంత్రం ఏమీ జరగలేదు. మర్నాడు కాలేజీ నుంచి వచ్చేసరికి బాపు పీట మీద కూర్చుని, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని చూస్తున్నాడు. గొట్టం కొస నుంచి బుడగ వస్తోంది. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. చక్రం తిప్పితే తగ్గుతోంది, వదిలితే పెరుగుతోంది. ఫిట్టరుకు ఇంతకంటే ఏం కావాలి. ఒకసారి చక్రాన్ని షెడ్డులో వాల్వు బిగించినట్టు గట్టిగా బిగించేశాడు. గాలికి దారి లేక రబ్బరు మూత ఎగిరి పైకప్పుకు తగిలింది, బెల్లంనీళ్ళు గోడంతా చిమ్మాయి. దాని తర్వాత నా పాఠం శ్రద్ధగా విన్నాడు.

కొన్నాళ్ళకు మొక్కలు నిలబడ్డాయి. కొత్త ఆకు వేశాయి. ట్యూబ్‌లైటు వేసిన కాసేపటికి ఆకుల మీద ఆవగింజలంత బుడగలు కూర్చునేవి, ఒక్కొక్కటే విడిపోయి పైకి వెళ్ళేవి. బీకరులో చూసిందే మా గదిలో జరుగుతుంటే నాకు ఆనందంగా ఉండేది. బాపు అయితే క్వార్టర్లలో దారిన పోయేవాళ్ళను పిలిచి మరీ చూపించేవాడు. తన చేతిలో పెట్టింది బతికిందని ఆయనకు నమ్మకం కుదిరింది.

అంతా బాగానే ఉంది, వాసన ఒక్కటి తప్ప. బెల్లం పులిసిన వాసన ముందు వంటింట్లో దోసెపిండి వాసనలా తీయగా ఉండేది. రోజులు గడిచేకొద్దీ ముదిరింది. బెల్లం అయిపోయి కొత్తది పోసినప్పుడల్లా ఇంకాస్త ముదిరింది. గోడకు పట్టింది, దుప్పట్లకు పట్టింది, నా రికార్డు పుస్తకానికి కూడా పట్టింది. అది ఏ వాసనో క్వార్టర్లలో పసిపిల్లను అడిగినా చెబుతారు. బాపుతో ఒకప్పుడు కలిసి తాగిన షెడ్డు మనిషి ఒకాయన ఒక సాయంత్రం మా కిటికీ దగ్గర ఆగాడు. ముక్కు రెండుసార్లు ఎగబీల్చి, సంతోషంగా లోపలికి తొంగిచూసి, ఇంట్లోనే పెట్టుకున్నవా అన్నా అని అడిగాడు. బాపు తొట్టి చూపించాడు. ఆయన తొట్టి చూశాడు, సీసా చూశాడు, బాపు మొహం చూసి కన్నుగీటి వెళ్ళిపోయాడు.

అమ్మ అదంతా తలుపు చాటు నుంచి విన్నది. ఆ రోజు నుంచి ఆమె నిద్ర సరిగ్గా పోలేదని నాకు తర్వాత తెలిసింది. కన్నుగీటిన మనిషి గురించి కాదు ఆమె బెంగ. గడప దగ్గర క్యారియర్ అందుకుంటూ ఆమె ఎప్పటిలా ప్రశ్న అడిగేది, బాపు నోరు తెరిచేవాడు, ఆమె గాలి పీల్చేది. కానీ వెనక ఇంట్లోంచి, తన చీరలోంచి, తన జుట్టులోంచి అదే వాసన. ఆయన నోటి నుంచి వస్తోందో లేదో ఆమెకు తెలియడం లేదు. ఇన్నాళ్ళూ ఆమెకున్న ఒకే ఒక్క ఆధారం అది. మా మొక్కలు బతికాయి గాని ఆమెకు కళ్ళు పోయినట్టయింది. నాకు ఇది తెలియలేదు. ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. బాపు తిరిగి తెచ్చిన క్యారియర్ గిన్నెను ఒకటికి రెండుసార్లు వాసన చూడటం, బాపు చొక్కా జేబులు వెతకడం మాత్రం చూశాను. ఏం వెతుకుతున్నావని అడిగితే బొత్తాం ఊడిందేమో అని చూస్తున్నానంది.

ఒక శనివారం అమ్మ ఇల్లు కడిగింది. బెల్లం సీసా చుట్టూ చీమలు బారులు కట్టాయి. ఆమెకు ఆ సీసా అంటే ఎంత కంపరమైనా, దాన్ని నాశనం కానివ్వాలని ఎప్పుడూ అనుకోలేదు. చీమలకు అందకుండా పైన పెడదామని చూసింది. సెలైన్ సీసా అడుగున ఇనుప తీగ ఒకటి ఉంటుంది, తగిలించడానికి. దవాఖానలో ఆమె అన్ని రోజులు చూసిన సీసా ఎట్లా వేలాడేదో ఆమెకు బాగా గుర్తు. గోడ మేకుకు దీన్నీ అట్లాగే తగిలించింది, మూతి కిందికి పెట్టి. గొట్టం పీకలేదు. చీమలను ఊడ్చింది. తర్వాత సంచి పట్టుకుని కూరగాయలకు వెళ్ళింది. బాపుకు ఆ రోజు షిఫ్టు మారింది. ఆమె అటు వెళ్ళగానే ఇటు వచ్చి, అలసిపోయి, తొట్టి వైపు కూడా చూడకుండా పడుకుని నిద్రపోయాడు.

పొద్దుగూకే వేళకు అమ్మ తిరిగొచ్చింది. కరెంటు లేదు. మసక వెలుతురులో ముందు ఆమెకు కనిపించింది మేకుకు వేలాడే సీసా. నిండుగా వదిలి వెళ్ళిన సీసా దాదాపు ఖాళీగా ఉంది, మూతి దగ్గర కాస్త మడ్డి తప్ప. దాని కింద నేల మీద బాపు పడుకుని ఉన్నాడు. ఆమె లేపితే కళ్ళు ఎర్రగా, మాట ముద్దగా లేచాడు. పగటినిద్ర నుంచి లేచిన వాళ్ళెవరైనా అట్లాగే లేస్తారు. ఆమె మొహం ఆయన మొహం దగ్గరగా పెట్టి వాసన చూసింది. ఇల్లంతా ఉన్న వాసనే అక్కడా ఉంది.

నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఇనుప పెట్టె గడప దగ్గర ఉంది. అమ్మ పక్కన నిలబడి కొంగు బిగించుకుంటోంది. బాపు లోపల, పీట మీద కాదు, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు తాగి వచ్చి కూర్చునే చోటే. నవ్వడం లేదు, అదొక్కటే తేడా. నా పుస్తకాలు కూడా సర్దుకోమంది అమ్మ.

"నేను తాగలే," అన్నాడు బాపు. అంతకుముందు ఎన్నిసార్లు అన్నాడో తెలియదు, గొంతు అరిగిపోయి ఉంది.

"మరి సీసలది ఏడికి వోయింది?" అంది అమ్మ.

నిజం చెప్పాలంటే నేనూ ఆయన తాగాడనే అనుకున్నాను. అనుకుని, ఆయన మీద అసహ్యపడటం కూడా మొదలుపెట్టాను. అప్పుడే కరెంటు వచ్చింది. తొట్టి మీద ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. నీళ్ళు డికాషన్ రంగులో ఉన్నాయి. మొక్కలు కనిపించడం లేదు. మోలీలన్నీ పైకి వచ్చి, మూతులు నీళ్ళ బయట పెట్టి గుటకలు వేస్తున్నాయి. రెండు గప్పీలు వెల్లకిలా తేలుతున్నాయి. నేను గొట్టం వెంట కళ్ళు పోనిచ్చి మేకు దాకా వెళ్ళాను.

సీసాను తలకిందులుగా ఎవరు తగిలించారని అడిగాను. అమ్మ తనేనంది. చీమలు పడుతున్నాయని చెప్పింది. దవాఖానలో అట్లాగే కదా తగిలించేది అని కూడా అంది.

నేను చెప్పాను. సీసా నిలబడి ఉంటే గాలి పైన చేరుతుంది, మూతి పైనే ఉంటుంది కాబట్టి గొట్టంలోకి గాలి పోతుంది. తలకిందులు చేస్తే గాలి అడుగువైపు చేరి, బెల్లంనీళ్ళను కిందికి నెడుతుంది. దవాఖానలో కావలసింది నీళ్ళు దిగడం, ఇక్కడ కావలసింది గాలి పోవడం. నువ్వు తగిలించినప్పటి నుంచీ సీసాలోదంతా తొట్టిలోకి ఎక్కుతూనే ఉంది. ఆ సాయంత్రం మా ఇంట్లో ఎవరైనా తాగి ఉంటే అది చేపలే. ఈ చివరి మాట నేను పైకి అనలేదు, నోటిదాకా వచ్చింది.

అమ్మ సీసాను చూసింది. తొట్టిని చూసింది. వేలు ముంచి నాలుకకు రాసుకుంది. తర్వాత గడప దగ్గరికి వెళ్ళి ఆ పెట్టె మీదే కూర్చుంది. ఏడవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటి వంక చూసుకుంటూ ఉంది.

బాపు లేచి బకెట్ తెచ్చాడు. మోలీలను ఒక్కొక్కటే చేత్తో పట్టి మంచినీళ్ళలో వేశాడు. నేను తొట్టి తోడాను. కాసేపటికి అమ్మ కూడా లేచి నీళ్ళు మోసింది. నాకు బాపు తరఫున కోపం వస్తోంది. ఇన్నాళ్ళు మానేసిన మనిషిని ఇట్లా అన్నందుకు ఆయన అరిస్తే బాగుండునని ఉంది. కాసేపటి క్రితం నేనూ అదే అనుకున్నాననే సంగతి నా కోపానికి అడ్డు రాలేదు. అమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు, ఆమెను ఊరికే వదలొద్దని ఆయనతో అన్నాను. ఆయన గప్పీని చేతిలో పట్టుకుని, కదులుతుందేమోనని చూస్తున్నాడు.

"మీ అమ్మ తప్పేమున్నది బిడ్డా. ఇల్లంత గదే వాసనాయె. దానికెట్ల ఎర్కైతది?" అన్నాడు.

అమ్మ బెంగ ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఆయనకు ఎప్పుడు తెలిసిందో నాకు తెలియదు.

మర్నాడు ఆయన గోడకు రంధ్రం వేశాడు. రైల్వే గోడకు అనుమతి లేకుండా రంధ్రం వేయకూడదని మామూలుగా ఆయనే అందరికీ చెప్పేవాడు. సీసాను బయట అరుగు మీద, చూరు కింద నిలబెట్టి, గొట్టాన్ని రంధ్రంలోంచి తొట్టిలోకి లాగి, సందును పుట్టీతో మూశాడు. చీమలు ఎక్కకుండా సీసాను నీళ్ళ పళ్ళెంలో పెట్టాడు. చలికాలం వచ్చేసింది. బయట చలికి ఈస్టు పని మందగిస్తుందని నేను చెబితే, షెడ్డులో ఇచ్చిన పాత ఉన్ని కోటు సీసాకు చుట్టి గుండీలు పెట్టాడు. దూరం నుంచి చూస్తే ఎవరో పొట్టి మనిషి అరుగు మీద కూర్చున్నట్టుండేది. లోపల దుప్పట్లు, చీరలు, పరదాలు అన్నీ తనే ఉతికి ఆరేశాడు. గోడలకు సున్నం వేశాడు. ఆఖరికి ఇంట్లో సున్నం వాసన తప్ప ఇంకేమీ మిగల్లేదు. అప్పుడు అమ్మ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఇగ ఇంట్ల వాసన లేదు," అన్నాడు. "నీ తనిఖీ నువ్వు చేస్కో."

ఆ మాట మా ఇంట్లో ఎవరూ అంతకుముందు పైకి అనలేదు. అమ్మ మొహం కందిపోయింది. ఏం తనిఖీ అని అడగబోయి ఊరుకుంది. ఆ రోజు నుంచి కూరలో ఉప్పు, షెడ్డులో ఉక్కపోత అన్న ప్రశ్నలు పోయాయి. బాపు గడపలోకి వచ్చి, కళ్ళద్దాలు తుడుచుకునేవాళ్ళలా నోరు తెరిచి, హా అని ఊపిరి వదిలేవాడు. అమ్మ ఇరుగుపొరుగు చూస్తున్నారేమోనని వీధి వైపు చూస్తూనే గాలి పీల్చేది. సిగ్గుతో చచ్చిపోయేది గాని మానేది కాదు. ఆయనా మానలేదు. పెట్టె మళ్ళీ మంచం కిందికి వెళ్ళింది, విప్పకుండానే. నేను ఎదురుగా కూర్చుని రికార్డు రాసుకుంటూ ఈ రోజువారీ తంతును చూసి లోలోపల నవ్వుకునేదాన్ని.

తొట్టిలో మొక్కలు మళ్ళీ పుంజుకున్నాయి. మోలీలు పిల్లలు పెట్టాయి. కోటు తొడుక్కున్న సీసా చలిలోనూ బుడగలు పంపుతూనే ఉంది, కాస్త మెల్లగా.

సంక్రాంతి దాటాక కూడా ఆ ఏడు చలి పోలేదు. అమ్మకు పడిశం పట్టింది. ముక్కు రెండువైపులా బిగుసుకుపోయి, కళ్ళు నీళ్ళు కారుతూ, పొద్దంతా మూలుగుతూ పనిచేసింది. సాయంత్రం బాపు వచ్చే వేళకు మాత్రం లేచి గడపలో నిలబడింది. బాపు వచ్చాడు. క్యారియర్ ముందుకు చాచి, నోరు తెరిచి, హా అన్నాడు. అమ్మ కదల్లేదు. సరిగ్గా వదల్లేదేమోనని ఆయన ఇంకోసారి అన్నాడు.

"ముక్కు మూస్కపోయింది. ఏం తెలుస్తలేదు," అంది అమ్మ.

క్యారియర్ ఆయన చేతిలోనే ఉంది. నేను పెన్ను కింద పెట్టాను. నన్ను పిలుస్తుందనుకున్నాను. నా ముక్కు బాగానే ఉంది. నిజంగానే అమ్మ ఒకసారి తల తిప్పి నా వైపు చూసింది. నేను లేవబోయాను. ఆమె మళ్ళీ ఆయన వైపు తిరిగింది.

"నువ్వే చెప్పు," అంది.

బాపు నోరు తెరిచాడు. ఆయన మాటను ఈ ఇంట్లో ఎవరూ అడగక ఎన్నేళ్ళయిందో. కళ్ళు ఆర్పుతూ, పెదాలు తడుపుకుంటూ, పరీక్షలో నిలబెట్టిన పిల్లాడిలా గుటకలు మింగాడు. నాకు ఆయన్ని చూడబుద్ధి కాలేదు, చూడకుండా ఉండబుద్ధీ కాలేదు.

"తాగలే," అన్నాడు.

"సరె," అంది అమ్మ. క్యారియర్ అందుకుని, ముక్కు చీదుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

వంటింట్లో గిన్నెలు విడదీస్తున్న చప్పుడు వినిపిస్తోంది. బాపు చెప్పులు విడవలేదు. గడప దాటలేదు. ఖాళీ చెయ్యి ఇంకా ముందుకే చాచి ఉంది. చాలాసేపటికి నేను ఉన్నానని గుర్తొచ్చినట్టు నా వైపు తిరిగాడు.

"ఇన్నవా బిడ్డా," అన్నాడు. "సరె అన్నది."